కొత్త బ్యాటరీని ఖాళీ చేసిందెవరు?

"నేరస్థులు రెండే రకాలు. నా చేతికి చిక్కినవాళ్ళు, నా పేరు వినగానే ఊరొదిలి పారిపోయినవాళ్ళు!" అని ప్రకటించి మా బావ కాఫీ గ్లాసు బల్లమీద ఠకీమని పెట్టాడు.

ఇంతవరకూ ఒక్కడూ చిక్కలేదు కాబట్టి, ఈ చుట్టుపక్కల నేరస్థులంతా రెండో రకమే అనుకోవాలి. ఆయన మా అక్క మొగుడు. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ డిటెక్టివ్ పని చేస్తాడు. పెద్దల్లుడు కదా, వద్దని చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఈసారి కేసు నా ప్రాణం మీదికొచ్చింది. మా నాన్న కొన్న పాత కారు రోజూ పొద్దున్నే మొరాయిస్తోంది. మా ఆవిడ స్టీరింగు పట్టుకుంటే నేను వెనకనుంచి తొయ్యాలి. కొత్త బ్యాటరీ వేయిస్తే అదీ నాలుగు రోజులకే చచ్చింది. ఇక లాభం లేదని మా ఆవిడ తుక్కు కొనేవాడికి కబురు పెట్టింది. సాయంత్రం వస్తానన్నాడు. నాన్న ఒళ్ళో కూర్చుని నేను స్టీరింగు తిప్పిన కారది. తుక్కు కింద పోతుందంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"ఏడవకు బామ్మర్దీ," అన్నాడు బావ. "కొత్త బ్యాటరీ దానంతటది ఖాళీ అవుతుందా? ఎవడో కరెంటు తోడేస్తున్నాడు. ఇది పచ్చి దొంగతనం!"

"మెకానిక్‌ని పిలుద్దాం బావా."

"మెకానిక్ నట్లు విప్పుతాడు. నేను చిక్కుముళ్ళు విప్పుతాను."

అనుమానం తిన్నగా వెళ్ళి పక్కింటి దర్జీ మీద పడింది.

"రోజంతా మిషను, ఫ్యాను, ఇస్త్రీ పెట్టె! అంత కరెంటు ఎక్కడిదిరా అతనికి?"

"గోడకి మీటరుంది కదా బావా."

"అదే అతని తెలివి! మీటరుంటే ఎవరూ అనుమానించరని పెట్టుకున్నాడు."

కొట్లోకి దూసుకెళ్ళి బావ గొంతు పెంచాడు. "నిన్న సాయంత్రం ఎక్కడున్నావ్?"

"ఇక్కడే సార్. చేతులు కాస్త పైకెత్తండి."

బావ ఎత్తాడు. "నిజం చెప్పు!"

"నడుం కొంచెం ఎక్కువే సార్. ఊపిరి బిగబట్టకండి."

విచారణ ముగిసేసరికి దర్జీ నోట ఒక్క రహస్యమూ రాలేదుగానీ బావ కొలతలన్నీ బయటపడ్డాయి. ఆ ఉక్రోషంలో బావ ఇస్త్రీ పెట్టెను సాక్ష్యమంటూ చంకన పెట్టుకుని బయల్దేరాడు. "సార్, నా పెట్టె!" అంటూ దర్జీ వెంటపడ్డాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దుగుంకుతోంది. తుక్కు కొనేవాడు అప్పటికే వచ్చి, కారు టైర్లను కాలితో తన్ని చూస్తున్నాడు. నా గుండెలో తన్నినట్టే ఉంది.

"ఆగు! ముందు నేరం రుజువు కావాలి," అని బావ అడ్డం నిలబడి, బండి స్టార్ట్ చేయమన్నాడు.

అందరం కలిసి తోస్తే ఇంజను అందుకుంది. మా ఆవిడ లైట్లు వేసింది. గుడ్డి దీపాల్లా వెలిగాయి. ఆమె ముందు డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉంది.

బావ బానెట్ లేపి, ఇస్త్రీ పెట్టెను రెండు చేతులా తలపైకెత్తాడు. "మహాజనులారా! దొంగ సరిగ్గా ఇక్కడే నిలబడి, ఈ యంత్రంతో..."

తుమ్మొచ్చింది. పెట్టె జారి ఇంజను పక్కనున్న ఆల్టర్నేటర్ నెత్తిన ఢామ్మని పడి, దొర్లి నేలమీదికొచ్చింది.

లైట్లు భగ్గుమన్నాయి!

"ఎర్ర దీపం ఆరిపోయింది!" అని అరిచింది మా ఆవిడ. అంతలోనే లైట్లు మళ్ళీ మసకబారాయి. "అన్నయ్యగారూ, ఇంకోసారి తుమ్మండి!"

అడిగినప్పుడు తుమ్ము వస్తుందా? నేనే ఓ కర్ర తెచ్చి ఆల్టర్నేటర్‌ని తట్టాను. తట్టినప్పుడల్లా వెలుగు, ఆపితే మసక.

"దొంగా లేడు, గింగా లేడు," అంది మా ఆవిడ. "బండి నడిచేటప్పుడు బ్యాటరీని నింపాల్సింది ఇదే. ఇది నింపట్లేదు. అందుకే ఎన్ని కొత్తవి వేసినా ఖాళీ అవుతున్నాయి."

దర్జీ తన పెట్టెకు పడ్డ సొట్టను నిమురుతూ, "మా మిషను మోటారూ ఇంతేనమ్మా. లోపల కరెంటు అందించే బొగ్గు ముక్కలు అరిగితే తట్టందే తిరగదు," అన్నాడు.

"అయితే బండి అమ్మరా?" అన్నాడు తుక్కు కొనేవాడు దిగాలుగా.

"బాగుచేయించి చూస్తాం. అప్పటికీ స్టార్టవకపోతే నీదే," అంది మా ఆవిడ.

మర్నాడు మెకానిక్ ఆల్టర్నేటర్ విప్పి, గోరంత కూడా మిగలని బొగ్గు ముక్కలు తీసి కొత్తవి వేశాడు. బ్యాటరీకి చార్జింగ్ పెట్టాడు. బావ మాత్రం, నేరస్థుణ్ణి ఒక్క దెబ్బతో లొంగదీశానని వీధంతా చాటుకున్నాడు.

తెల్లారి మా ఆవిడ ఆఫీసుకి బయల్దేరింది. "ఇవాళ కదలకపోతే ఇక తుక్కే," అంది. నేను రోజూలాగే వెనక్కి వెళ్ళి, కళ్ళు మూసుకుని నాన్నని తలుచుకుని, డిక్కీకి చేతులానించి ఉన్న బలమంతా పెట్టాను. ఆమె తాళం తిప్పడం ఆలస్యం, బండి బుర్రుమని దూసుకుపోయింది. నేను రోడ్డుమీద బోర్లా పడ్డాను. మోచేతులు దోక్కుపోయాయి, అయినా నవ్వాగలేదు. నాన్న కారు మలుపు తిరిగేదాకా అలాగే పడుకుని చూశాను.

బావ గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు. నా పక్కన మోకాళ్ళమీద కూలబడి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"భయపడకు బామ్మర్దీ, నేనున్నాను. నిన్ను తోసిందెవరు?"