తేజ కొండెక్కింది

ఆ గురువారం ఉదయానికి పానకాలు వేసుకున్న ప్లానులో చిక్కుముడులేమీ లేవు. తెల్లవారగానే బ్రాడీపేటలో బయల్దేరడం, ఏడింటికల్లా బోడికొండ కిందికి చేరడం, మేనకోడలు తేజ కెమెరాతో కొండెక్కడం, తాను కింద టీకొట్టు బల్లమీద కూర్చోవడం. కాసేపటికి కొండ వెనక నుంచి పొద్దు పైకి వస్తుంది. ఇవతలి పక్క కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద కొండ నీడ పడుతుంది. ఎర్రటి నేల మీద నల్లటి కొండ. ఆ ఒక్క ఫోటో పట్టుకుని ఇంటికొచ్చి పెసరట్టు తినడం. ఇంత చిన్న ప్లాను చెడిపోవడానికి అందులో చోటెక్కడుందని ఎవరైనా అనుకుంటారు.

ముప్ఫయ్యేళ్ళకు పైగా పానకాలు పని కొండల ఫోటోలు తీయడమే. చదివింది కామర్సు. మొదటి జీతంతో కెమెరా కొని, రెండో జీతం అందుకోకుండానే హిమాలయాలకు వెళ్ళిపోయాడు. "మిరపచెట్టుకు మించి ఎత్తైనది లేని నేల మీద కాపురముండి కొండలు తీయడమేంటయ్యా" అని ఇరుగుపొరుగు నవ్వేవారు. ఆయన పట్టించుకోలేదు. ఏడాదిలో సగం మంచులో, సగం గుంటూరు ఎండలో గడిపాడు. ఆయన తీసిన శిఖరాలు ఇప్పుడు పళ్ళ డాక్టర్ల గదుల్లోనూ, కోచింగ్ సెంటర్ల మెట్ల దగ్గరా, ఒక మటన్ కొట్టులోనూ వేలాడుతున్నాయి. అందరికంటే నమ్మకమైన ఖాతాదారు జాన్ బాషా. మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజ్ ఆయనది. ప్రతి ఏటా క్యాలెండరుకు ఒక మంచుకొండ కావాలి. "చూడగానే చలెయ్యాలయ్యా" అన్నదొక్కటే ఆయన షరతు.

ఆదివారం నాడు పానకాలు ఫోటోల ప్రదర్శన మొదలవుతుంది. జీవితకాలపు కొండలన్నీ గోడలకెక్కాయి. గుమ్మానికి ఎదురుగా ఒక్క మేకు మాత్రం ఖాళీగా ఉంది. అది బోడికొండ కోసం. మూడేళ్ళ కిందట పోయిన భార్య హేమశ్రీ ఎప్పుడూ అంటుండేది: "ఎక్కడెక్కడి కొండలకో చుట్టంలా వెళ్ళొస్తారు. మన ఊరి కొండ మీ కంటికి ఆనదు." "అది కొండ కాదే, గుట్ట" అని ఆయన కొట్టిపారేసేవాడు. ఇప్పుడు కొట్టిపారేయడానికి ఎదుట మనిషి లేకపోయేసరికి ఆ మాట అలాగే నిలబడిపోయింది. మిరప కోతలు అయిపోవచ్చాయి. బోడికొండ కింద అందరికంటే పెద్ద కల్లం వెంకాయమ్మది. ఆమె కాయలు ఆరిపోయాయి. గురువారం పదింటి దాకా ఎత్తకుండా ఉంచుతానని మాటిచ్చింది. ఆ పూట తప్పితే మళ్ళీ వచ్చే ఏడే.

ఇక మేనకోడలి సంగతి. ముప్ఫయ్యేళ్ళు కెమెరా సంచి మోసిన పానకాలు మోకాలు ఈమధ్య మొండికేసింది. తేజ బ్రాడీపేటలోనే ఫిజియోథెరపిస్టు. మావయ్య మోకాలు చూసేదీ ఆమే, ఆయన దగ్గర ఫోటోలు తీయడం నేర్చుకున్నదీ ఆమే. "నువ్వు మెట్లు కూడా ఎక్కడానికి లేదు. కొండ నేనెక్కుతా, నువ్వు కింద కూర్చుని టీ తాగు" అని తేల్చేసింది. ఆమె పుట్టిన ఏడు తేజ రకం మిరప విరగకాసిందని వాళ్ళ నాన్న ఆ పేరు పెట్టాడు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మిగతా కథ దానంతటదే నడుస్తుంది.

అనుకున్నట్టే ఏడింటికి చేరారు. పానకాలు చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని లెన్సు మార్చి, కళ్ళజోడు తీసి కెమెరా సంచి జేబులో పెట్టాడు. సంచి భుజాన వేసుకుని తేజ వెళ్ళిపోయింది. కళ్ళజోడు కూడా కొండెక్కిందని ఆయనకు టీ గ్లాసు చేతికొచ్చాక గానీ తట్టలేదు.

నల్లపాడులో ఉన్న అక్కయ్య సుబ్బరావమ్మకు కూతురు కొండెక్కడం బొత్తిగా ఇష్టం లేదు. ఎప్పటికప్పుడు కబురు చెప్పమంది. పానకాలు ఫోను తీసి, కళ్ళు చికిలించి, 'మన' అన్న అక్షరాలు పోల్చుకుని గ్రూపు తెరిచాడు. ఇంటివాళ్ళ గ్రూపు పేరు 'మన వాళ్ళు'. జాన్ బాషా తన ఖాతాదారులైన రైతులందరినీ, వాళ్ళతోపాటు పానకాలునీ చేర్చిన గ్రూపు పేరు 'మన మిర్చి'. కళ్ళజోడు లేని మనిషికి రెండూ ఒకటే. టైపు చేసే ఓపిక లేక ఆయన మైకు బొమ్మ నొక్కి చెప్పాడు:

"తేజ కొండెక్కింది. పదింటికల్లా దిగిపోతుంది. ఎవరూ కంగారు పడొద్దు."

మిరప రైతుకు ధర కొండెక్కిందనే మాట కంటే తీపి మాట లేదు, దిగిపోతుందనే మాట కంటే చేదు మాట లేదు. రెండూ ఒకే ఊపిరిలో విన్నాక కంగారు పడొద్దంటే ఎవరాగుతారు? ఫోను టింగు టింగుమని మోగసాగింది. పానకాలుకు అక్షరాలు కనబడలేదు గానీ, అక్కయ్య సంగతి తెలుసు కనుక అడక్కుండానే జవాబులు చెప్పాడు.

"నేను ఇక్కడే కూర్చుని కళ్ళారా చూస్తున్నా. సగం దాటింది. ఇంకా పైకి పోతానే ఉంది. నేనూ ఇంత స్పీడు అనుకోలా."

మళ్ళీ టింగు టింగు.

"ఇంతకంటే పైకి ఎక్కడికి పోద్ది? పైన ఇక ఆకాశమే. దిగేటప్పుడే జాగ్రత్తగా ఉండాలి. జారిందంటే ఒక్కసారే కిందికొచ్చేది."

ఆయన మాట ఎందుకు నమ్మారంటే, దానికీ కారణముంది. ఆ గ్రూపులో నాలుగేళ్ళుగా పానకాలు మంచుకొండ ఫోటో, కింద శుభోదయం తప్ప మరేదీ పెట్టి ఎరగడు. చాలామంది ఫోన్లలో ఆయన పేరు 'కోల్డ్ స్టోరేజ్ కొండల సారు'. జాన్ బాషాకు దగ్గరివాడు. ఎన్నడూ ధర ఊసెత్తని మనిషి పొద్దున్నే మూడుసార్లు గొంతెత్తి చెప్పాడంటే, లోపలి కబురు తెలియకుండా చెప్పడని రైతులు తీర్మానించుకున్నారు.

పానకాలుకు దగ్గరి చూపే తక్కువ గానీ దూరపు చూపు బాగానే ఉంది. రెండో టీ సగం తాగి తలెత్తేసరికి రోడ్డవతల కల్లంలో మనుషులు పరుగులు పెడుతున్నారు. కాయల్ని కుప్పలు చేసేవాళ్ళు కొందరు, టిక్కీలనే గోనె బస్తాల్లోకి దిగి తొక్కేవాళ్ళు కొందరు. ఎర్రటి నేల అంచుల నుంచి చాపలా చుట్టుకుపోతోంది. ఆయన గ్లాసు అక్కడే వదిలేసి, మోకాలి సంగతి మరిచిపోయి అటు నడిచాడు.

"వెంకాయమ్మా, పదింటి దాకా ఆగుతానన్నావు కదమ్మా."

వెంకాయమ్మ తలపాగా సర్దుకుంటూ నిటారుగా నిలబడింది. "పదింటికి దిగిపోద్దని తమరే కదా అన్నయ్యగారూ చెప్పింది."

"అదే నేననేదీ. దిగాక ఎత్తుకోమన్నా."

"దిగాక ఎవడు కొంటాడండీ?"

"కొనడమేంటి? తేజ ఇంకా కొండ మీదే ఉంది."

"మీదుందనేగా మా తొందర. ఒరేయ్ రామూ, ట్రాక్టరు తిప్పరా. సారు ఇంకా పైనే ఉందంటున్నారు."

ఆమె కొడుకు రాము ట్రాక్టరు స్టార్టు చేస్తూనే పక్క కల్లం వాళ్ళకు కేకేశాడు. "ఇంకా పైనే ఉందంట. సారు ఇప్పుడే చెప్పాడు." ఆ కేక అక్కడి నుంచి మరో కల్లానికి, అక్కడి నుంచి మరో ఊరికి పోయింది.

అప్పుడు జాన్ బాషా ఫోను చేశాడు.

"ఏమయ్యా పానకాలూ, మిరపకాయల మధ్య పుట్టి పెరిగినోణ్ణి, నాకు తెలియని రేటు నీకెవరు చెప్పారయ్యా?"

"రేటేంటి బాషా?"

"తేజ కొండెక్కిందని గ్రూపులో చెప్పావంటగా. నా గేటు ముందు ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడినయ్యి. మిర్చి యార్డు నుంచి నాకు ఒకటే ఫోన్లు."

"కొండెక్కింది మా తేజ. మా అక్కయ్య కూతురు."

 జాన్ బాషా నెమ్మదిగా అన్నాడు: "ఆ పిల్లని నేనెరుగుదును గనక నమ్మాను. ఇంకెవరూ నమ్మరు. ముందు గ్రూపులో చెప్పు."

పానకాలు వెంటనే చెప్పాడు. "తేజ అంటే మిరప కాదు. మా మేనకోడలు. ఫోటోలు తీయడానికి కొండెక్కింది. దయచేసి ఎవరూ కాయలు ఎత్తొద్దు."

రాము ఆ మాట ఫోన్లో విని పెద్దగా నవ్వాడు. "చూశావా అమ్మా, కొనేవాళ్ళు సారుని కూడా అప్పుడే కొనేశారు. మనం ఆగితే వాళ్ళు చవగ్గా కొట్టేద్దామని. మేనకోడలంట."

"ఇందాకటి మాటే నిజం. తొక్కండి తొక్కండి," అంది వెంకాయమ్మ.

మిగిలింది ఒక్కటే దారి. ఉన్న ఎరుపు ఉండగానే ఫోటో తీసెయ్యమని తేజకు ఫోను చేయాలి. చేశాడు. ఫోను స్విచాఫ్. రాత్రి ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయినట్టుంది. ఆమె కొండెక్కితే ఫోను కూడా, దీపం కొండెక్కినట్టు, కొండెక్కింది. పానకాలు కల్లం గట్టు మీద కూలబడ్డాడు. ఎవరెస్టు దారిలో మంచు తుఫానులో చిక్కుకున్నప్పుడు కూడా ఆయనకింత ఏమీ తోచకుండా పోలేదు. అక్కడ కనీసం తుఫానుకు తన మాట కారణం కాదు.

తొమ్మిది దాటాక రాము యార్డు నుంచి ఫోను చేశాడు. గొంతులో ఇందాకటి మర్యాద లేదు. "ఏం సార్, ఇక్కడ రేటు నిన్నటిదే. ఎక్కలేదు, దిగలేదు. కొండల సారుని కొండ మీదే కట్టేసి రావాలంటున్నారు ఇక్కడ అందరూ."

"నేను ముందే చెప్పాను కదయ్యా, మేనకోడలని."

"ముందు కాదు సార్, తర్వాత చెప్పారు."

పానకాలు ఫోను జేబులో పెట్టుకున్నాడు. తూర్పు వైపు చూస్తే పొద్దు పొడిచిన జాడే లేదు. కొండ వెనక నుంచి సూర్యుడికి బదులు కాటుక లాంటి మబ్బు పైకొస్తోంది. అంటే కాయలున్నా నీడ పడేది కాదు. ఆ సంగతి తెలిసీ ఆయనకు ఊరట కలగలేదు.

తేజ దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. ముగ్గురూ వెంకాయమ్మ రేకుల షెడ్డులోకి పరుగెత్తారు, పానకాలైతే కుంటుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత కురిసిందాన్ని వాన అనడం తక్కువ. రేకుల మీద చప్పుడుకు మాటలు వినబడలేదు. ఎండాకాలం ముంగిట్లో ఇంత వాన ఎవరూ అనుకోలేదు. వెంకాయమ్మ ఖాళీ కల్లంలో నీళ్ళు నిలవడం చూస్తూ చాలాసేపు కదల్లేదు. పంటంతా యార్డు షెడ్ల కిందా, జాన్ బాషా చల్లని గదుల్లోనూ పొడిపొడిగా ఉంది.

వాన కాస్త నెమ్మదించాక ఆమె అంది: "తమరు అబద్ధం చెప్పకపోతే ఈపాటికి నా పంటంతా బూజే."

"నేను అబద్ధం చెప్పలేదమ్మా."

"నిజం చెప్పినా నాకిబ్బంది లేదులెండి."

తేజ తల తుడుచుకుంటూ కళ్ళజోడు ఆయన చేతిలో పెట్టింది. "నేను పైకి చేరి, చోటు చూసుకుని కెమెరా తీసేసరికి కింద ఎరుపు లేదు మావయ్యా. అనుకున్న ఫోటో రాలేదు. కనిపించిందేదో తీశాను."

కెమెరా వెనక చిన్న తెర మీద పానకాలు చూశాడు. నల్లమబ్బు కింద బూడిదరంగు మైదానం. దారి పొడుగునా ఎర్రటి బస్తాలతో ట్రాక్టర్ల బారు, చీమల్లాగా. ఆ ఖాళీ నేల నడుమ, కల్లం మధ్యలో, నలుచదరంగా ఒకే ఒక్క ఎర్రటి ముక్క.

"ఇదెందుకు వదిలేశావు వెంకాయమ్మా?"

ఆమె కాస్త సిగ్గుపడింది. "మాటిచ్చాను కదండీ. మొత్తం ఎత్తితే మాట పోద్ది, ఉంచితే సరుకు పోద్ది. అందుకని ఓ చాపంత వదిలేశాను. తడిసినా మా ఇంటి కారానికి పనికొస్తయిలే."

పానకాలు కళ్ళజోడు తీసి అద్దాలు తుడుచుకున్నాడు. వాన నీళ్ళు పడ్డాయన్నాడు.

ఆ వానకు చుట్టుపక్కల ఊళ్ళలో ఆరబోసిన కాయలన్నీ తడిశాయి. శుక్రవారం నాటికి పొడి సరుకు కోసం యార్డులో కొనేవాళ్ళు ఒకరినొకరు తోసుకున్నారు. తేజ నిజంగానే కొండెక్కింది. పానకాలును కొండ మీద కట్టేద్దామన్నవాళ్ళే ఆయనకు అరటిగెలలు పంపారు. జాన్ బాషా వచ్చి, "ఈ ఏడు క్యాలెండరుకు మంచుకొండ వద్దయ్యా. మబ్బు బొమ్మ ఇవ్వు" అన్నాడు.

ఆదివారం ఆ ఫోటో ఖాళీ మేకుకు ఎక్కింది. హిమాలయాలను వదిలేసి జనం దాని ముందే నిలబడ్డారు. వెంకాయమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. తలవంచి, తలెత్తి, అటూ ఇటూ తిరిగి చూసింది.

"ఇది నా కల్లమే. మరి కొండేదండీ?"

"కొండ మీద నుంచి తీశాం కదమ్మా, కొండ కనపడదు."

"అంటే ఇన్నేళ్ళకి తమరు కొండ లేని ఫోటో పెట్టారన్న మాట."

హేమశ్రీ ఉంటే సరిగ్గా ఈ మాటే అనేదని పానకాలుకు తోచింది. ఎవరో ఒకరు అన్నారు కదా, చాలనుకున్నాడు.

మర్నాడు పొద్దున తేజ ఆయన మోకాలికి కట్టు కడుతుండగా ఫోను మోగింది. ఎవరో రైతు, ఒంగోలు వైపు నుంచి. "సార్, తమరి గురించి విన్నాం. తేజ మళ్ళీ ఎప్పుడు కొండెక్కుద్ది?"

పానకాలు తేజ వైపు చూశాడు. "మావయ్య మోకాలు తగ్గేదాకా ఎక్కదని చెప్పు," అంది ఆమె కట్టు బిగిస్తూ. ఆయన అదే మాట చెప్పి పెట్టేశాడు.

అప్పటి నుంచి యార్డులో పొద్దున్నే బేరాలు మొదలయ్యే ముందు, పానకాలు మోకాలు ఎలా ఉందో కనుక్కుంటున్నారు.