లేచి నిలబడ్డ యుద్ధ విమానం

ఆ ఉదయం ఆకాశం ఏదో చెప్పబోయి మరిచిపోయిన మనిషిలా ఉంది. మబ్బు పట్టింది, వాన లేదు. రేకుల మేస్త్రి దుకాణం ముందు నిలబడి రెండుసార్లు పైకి చూసి, తడిస్తే తుప్పు పడుతుందనుకుని, బండి మీది విమానానికి పాత టార్పాలిన్ కప్పాడు.

అది యుద్ధ విమానం. నాటక సమాజం వాళ్ళు చేయించుకుంటున్నది. మొదటి రంగంలో పడుకుని ఎగురుతుంది. రెండో రంగంలో తోక కింది తాడు ఒక్క గుంజు గుంజితే ముక్కు గుండెగా, రెక్కలు చేతులుగా, తోక కాళ్ళుగా మారి, మేడంత రాక్షసుడై లేచి నిలబడుతుంది. కుడి మోచేతి గడియ తీస్తే ఆరు క్షిపణులు స్ప్రింగుల మీద ఎగురుతాయి. క్షిపణులంటే గరాటాలే. మేస్త్రికి బాగా చేయి తిరిగినవి అవే. పొగ కోసం వాటిలో వంటింట్లోని గోధుమపిండి, భార్యకు చెప్పకుండా, కూరాడు.

వాళ్ళ కాపురం దుకాణం మీది మేడలో. బాల్కనీలో కుర్చీ వేసుకుని బీన్స్ తుంచుతున్న అత్తగారు కిందికి చూశారు.

"ఆర్నెల్లుగా ఈ బాల్కనీలో దండెం కట్టమంటున్నాను. దానికి తీరిక లేదు. విమానానికి ఉంది."

"ఇవాళ ఒక్కరోజు ఓపిక పట్టండి అత్తయ్యా."

"పడతాను. సాయంత్రం అది జనంలో లేచి నిలబడితే సరేసరి. లేదంటే రేపట్నుంచి మా తమ్ముడి బకెట్ల కొట్లో కూర్చుంటానన్నావు. మాట మీదే ఉన్నావా?"

"ఉన్నానండీ."

ఉండక తప్పదు. ఆ కొట్లోవన్నీ ప్లాస్టిక్ బకెట్లు. సుత్తి పట్టిన చేతికి అంతకు మించిన శిక్ష లేదు. నాటక సమాజం యజమాని మాత్రం, విమానం నచ్చితే ఇకమీదట రంగస్థలం సామానంతా నీ చేతే చేయిస్తానన్నాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఒకసారి నీళ్ళ తొట్టి బండి మీంచి దొర్లి కాలవలో పడ్డ దగ్గర్నుంచి, మేస్త్రి భార్య ఏ సరుకుకైనా రెండు కట్లు కడుతుంది. మొదటిది బండికి. రెండోది, బండి కదిలేదాకా, దుకాణం కిటికీ ఊచకి. ఆవేళ రెండో కట్టుకి తాడు చాల్లేదు. చూస్తే తోక కింద గట్టి తాడొకటి ఊరికే వేలాడుతోంది. ఏదైనా ఊరికే వేలాడుతుంటే ఆమెకు గిట్టదు. దాన్నే ఊచకి బిగించి, చేతులు దులుపుకుని పైకి వెళ్ళిపోయింది.

ఆ మోటారు బండి నడిపేది ఆమె తమ్ముడు. కిటికీ కట్టు బావ విప్పి ఉంటాడని అతను, బావమరిది విప్పి ఉంటాడని మేస్త్రి.

"పోదామా బావా?"

"నీదే ఆలస్యం."

బండి కదిలింది. తాడు బిగిసింది. టార్పాలిన్ కింద ఏదో ఒళ్ళు విరుచుకుంది. మొదటి కట్టు సరిగ్గా కాళ్ళ దగ్గర పడటంతో రాక్షసుడికి మంచి ఆసరా దొరికింది. కిర్రుమంటూ లేచాడు. జారిన టార్పాలిన్ బండి అద్దం మీద పడింది. లోకం చీకటైపోయేసరికి బావమరిది బ్రేకు తొక్కాడు. రాక్షసుడి కుడి చేయి బాల్కనీలోకి వెళ్ళి, అత్తగారి ముందు అరచేయి తెరుచుకుని ఆగింది.

ఆవిడ బీన్స్ మీంచి తల ఎత్తలేదు. "చేతులు బాగానే ఉన్నాయిగా బాబూ. ఏదైనా పని చేసుకోరాదూ?"

చేయి కదల్లేదు. అప్పుడు తలెత్తి చూశారు. చేతికర్ర తీసుకుని మోచేతి మీద ఒక్కటి వేశారు. గడియ ఉన్నది సరిగ్గా అక్కడే.

ఆరు గరాటాలూ ఆరు దిక్కులకు పోయాయి. వీధి తెల్లబడిపోయింది. ఎదురింటి మంగలి షాపులో సగం గడ్డంతో ఉన్నవాడు లేచి పరుగెత్తి, మలుపులో "మేస్త్రి విమానం పేలింది" అన్నాడు. టీకొట్టు చేరేసరికి అది అత్తగారి మీద పేలింది. నాటకాల హాలు చేరేసరికి అత్తగారు పోయారు.

యజమాని ఉన్నపళంగా వచ్చి మేస్త్రి చేతులు పట్టుకున్నాడు.

"ఒక్కసారే చూశాను ఆ తల్లిని. ఎంత శాంతం. ఎంత మెత్తటి మాట."

ఈ లక్షణాలను బట్టి యజమాని వైపు చుట్టమెవరో పోయారనుకున్నాడు మేస్త్రి. "ఊరుకోండి. పెద్ద వయసేనా?"

"నువ్వే అడుగుతున్నావా? నీది గుండె కాదయ్యా, రాయి."

"ఎవరు పోయారు బాబూ?" అంది పైనుంచి ఒక గొంతు.

యజమాని తల ఎత్తాడు. నెత్తి నుంచి చీర అంచు దాకా తెల్లగా ఉన్న ముసలావిడ బాల్కనీ మీంచి వంగి చూస్తోంది. ఏ తాడూ గుంజకుండానే ఆయన మడతపడి నేల మీద కూర్చున్నాడు.

నీళ్ళు తాగాక ఒకటే మాట అన్నాడు. "మేస్త్రీ, ఇది నాకొద్దు."

మేస్త్రి కళ్ళ ముందు ఎర్ర బకెట్లు, నీలం బకెట్లు దొంతర్లుగా లేచాయి. అంతలో అత్తగారు పిండి దులుపుకోకుండానే, చేతికర్రతో మెట్లు దిగి వచ్చారు.

"ఎందుకొద్దు? లేచి నిలబడాలన్నావు. నిలబడిందా లేదా?"

"నిలబడిందమ్మా. కానీ..."

"గడియ తీస్తే అవేవో ఎగరాలన్నావు. ఎగిరాయా?"

"ఎగిరాయి."

"మరింకేం? నా అల్లుడికి వంకలు పెట్టడానికి నేనున్నాను. మధ్యలో నువ్వెవరివి?"

యజమాని చుట్టూ చూశాడు. ఆయన హాల్లో ఎన్నడూ కూర్చోనంత జనం వీధిలో నిలబడి ఉన్నారు. "సాయంత్రం ఆట కూడా ఇక్కడేనా?" అని ఎవరో అడిగారు.

"హాల్లోనే," అన్నాడు యజమాని, బట్టలు దులుపుకుంటూ. "మేస్త్రీ, ఇక దాన్ని మడిచి తీసుకురా."

మేస్త్రి తల గోక్కున్నాడు. "తమరు లేవడమే చెప్పారండీ. మళ్ళీ పడుకోవడం చెప్పలేదు."

"అంటే?"

"బిగింపులన్నీ విప్పాలి. వారం పడుతుంది."

యజమాని రాక్షసుడి వంకా, వీధిలోని జనం వంకా చూశాడు. చివరికి, "తెర ఇక్కడికే తెప్పిస్తాను," అన్నాడు.

మధ్యాహ్నానికి మబ్బు విడిచి ఎండ వచ్చింది. ఇంటిల్లిపాదీ రేకు చేయి అడ్డం ఉన్న బాల్కనీలోనే, యజమానితో సహా, భోజనానికి కూర్చున్నారు. మేస్త్రి భార్య ఖాళీ పిండి డబ్బా వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసి అన్నం వడ్డించింది. బీన్స్ కూరలో ఉప్పు తక్కువైంది. అయినా అందరూ మారు వడ్డించుకున్నారు. ఆఖరుకి అత్తగారు తల తుడుచుకుంటూ వచ్చి, తడి తువ్వాలు రాక్షసుడి వేళ్ళ మీద పరిచి, కంచం ముందుకు లాక్కున్నారు.

అడగ్గా అడగ్గా, ఆర్నెల్లకి ఆ బాల్కనీలో దండెం అమరింది.