పడవ ముక్కున దిండు

ఆ ఉదయం ఉష వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఫోన్‌లో ఇంటర్వ్యూ. అవతల జపాన్‌లో ఒక వృద్ధాశ్రమం. నెగ్గితే అక్కడ ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం వస్తుంది. ఆ ఊళ్ళోనే చేపలు శుభ్రంచేసే ఫ్యాక్టరీలో ఆమె భర్త పెంచల్ పనిచేస్తున్నాడు. పెళ్ళయిన ఏడాదికే వెళ్ళాడు. అప్పటినుంచి ఆమె అతన్ని అరచేతంత తెరమీదే చూస్తోంది.

విడవలూరు దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న ఆ జాలర్ల పాలెంలో జపాను భాష నేర్పేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు? కావలి వెళ్ళి కొన్నాళ్ళు నేర్చుకుంది. మాటలు గుర్తుండాలని ఇల్లంతా జపాను అక్షరాల్లో చీటీలు రాసి అంటించింది. ఉప్పు డబ్బాకు 'షియో', చీపురుకు 'హోకి'. వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది, చేసే పని చివరికే వస్తుంది. చిక్కల్లా మాటల వెనక వచ్చే చిన్న ముక్కలతోనే. మనం 'దగ్గర', 'యొక్క', 'ను' తగిలించినట్టే వాళ్ళు 'దె', 'నొ', 'ఒ' తగిలిస్తారు. ఒకటి పెట్టాల్సినచోట ఇంకొకటి పెట్టి తడబడుతున్నానని వాటిని ఎర్ర సిరాతో రాసుకుంది. మంచం మీది రెండో దిండుకు మాత్రం 'పెంచల్ నొ మకురా' అని అంటించింది. పెంచల్ దిండు. ఆ ఒక్కదాంట్లో ఆమె ఎన్నడూ తప్పు చెయ్యలేదు.

ఆ ఉదయం లేచి చూస్తే ఇంట్లో ఒక్క చీటీ కూడా లేదు.

"అత్తా, నా చీటీలేమైనాయి?"

పిచ్చమ్మ చేపల తట్ట కడుగుతూ తల కూడా ఎత్తలేదు. "మీ మామనే అడుగు. పొద్దున్నే పంచిపెట్టినాడు, పెళ్ళి శుభలేఖల మాదిరి."

మామ చిన్నపోలయ్య నవ్వాడు. కిందటి వారం నడుం నొప్పిగా ఉందని పెంచల్ దిండును పడవలోకి పట్టుకుపోయాడు. చీటీ ఊడి పడవ ముక్కుకు అంటుకుంది. ఆ రోజు వల నిండా వంజరం పడింది. పడవ మీద ఏది ఉండగా చేప పడిందో దాన్ని తియ్యకూడదన్నది పాలెంలో నియమం. చిన్నపోలయ్య చీటీకి పసుపు రాసి బొట్టు పెట్టాడు. మర్నాడూ వంజరమే. దాంతో చుట్టాలంతా వచ్చి అడిగారు, ఆయన కాదనలేకపోయాడు.

"మామా, అది చదువు. మంత్రం కాదు."

"తెల్లారి లేచి గొణగతా ఉంటివి గదమ్మా. ఏదైతే ఏం, చేప పడింది."

ఆమె జవాబు చెప్పేలోపే వాకిలి నిండిపోయింది. ముందు నిలబడినవాడు మాలకొండయ్య, పాలేనికి పెద్ద, అందరూ కాపు అని పిలిచేవాడు. చీటీలు అందనివాళ్ళంతా ఆయన మీద పడ్డారు. ఆయన పెద్దలను కూర్చోబెట్టి దురాయి, అంటే ఊరి కట్టడి, పెట్టేశాడు: పడవలన్నిటికీ చీటీలు అందేదాకా ఒక్క పడవా వేటకు పోకూడదు. కాపు దురాయి పెడితే ఇక పాలెంలో ఎవరూ మీరరు.

"కాపూ, నాకు ఇంటర్వ్యూ ఉండాది. అవన్నీ ఉత్త మాటలు. ఒకటి ఉప్పు, ఒకటి చీపురు."

"చీపురంటే మంచిదే గదమ్మే. సముద్రాన్ని ఊడ్చకొస్తది. రాయి."

ఉష ఒడ్డున ఇసుకలో కూర్చుని రాసింది. తోచినదల్లా రాసింది. బకెట్, చెప్పులు, గొడుగు. కాపు స్వయంగా చెయ్యి చాపినప్పుడు ఆమెకు కోపంలో 'షూతొమే', అంటే అత్తగారు, తప్ప మరో మాట తట్టలేదు. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని తన పడవకు అంటించుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. తెరమీద కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ. నమస్కారం చెయ్యబోయిన ఆవిడ చూపు ఉష భుజం దాటి వెనక్కి పోయింది. కళ్ళజోడు సర్దుకుని పైకి చదవసాగింది.

"షియో... హోకి... షూతొమే..."

పాలెమంతా ఫోన్ వైపు తిరిగింది. పరదేశపు మనిషి తమ పడవలను చూసి మంత్రం చదువుతోంది. మాలకొండయ్య తలపాగా తీసి చేతులు జోడించాడు. వెనకనున్నవాళ్ళంతా జోడించారు. ఉషకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

ఆవిడ చూపు చివరనున్న మామ పడవ దగ్గర ఆగింది. "పెంచల్ నొ మకురా?" పెంచల్ ఎవరని జపాను భాషలో అడిగింది.

వృద్ధుల సేవే నా ఆశయం అని ఉష నెలరోజులుగా బట్టీ పట్టిన జవాబంతా మాయమైంది. నోటికొచ్చింది ఒక్కటే వాక్యం.

"వతాషి వ ఉమి దె పెంచల్ ఒ మత్తె ఇమాసు."

నేను సముద్రం దగ్గర పెంచల్ కోసం ఎదురుచూస్తున్నాను. ముక్కలన్నీ వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది. తర్వాత, మిమ్మల్ని తీసుకుంటున్నాం అంది.

ఉష ఆ మాట అత్తకు చెప్తుంటే మాలకొండయ్య విన్నాడు.

"అట్టయితే కుదరదమ్మే. నువ్వు పోతే మాకు రాసేదెవరు? ఈ అమ్మాయి పాలెం దాటకూడదని ఇంకో దురాయి పెడతా ఉండా."

ఉష అత్త వైపు చూసింది. పిచ్చమ్మ తట్ట కింద పెట్టింది.

"కాపూ, ఒక్క మాట. ఈడ కూసోని రాస్తేనే ఇంత చేప పడె. ఆ అచ్చరాలు పుట్టిన చోట కూసోని రాసి పంపిస్తే ఎంత పడాల?"

మాలకొండయ్య సముద్రం వైపు చూశాడు. పడవలను చూశాడు. అక్కడికక్కడే దురాయి మారిపోయింది: ఉష జపాన్ పోవలసిందే, అడ్డం వచ్చినవాడికి ఊళ్ళో మాటా మంచీ ఉండదు.

సాయంత్రం పెంచల్ ఫోన్ చేశాడు. అంతా విని నవ్వీ నవ్వీ, నెమ్మదిగా అన్నాడు.

"ఈడ రేవులో ప్రతి పడవ మీదా ఆ అచ్చరాలే గదమే. చేపల్లేక వారంలో సగం రోజులు మాకు పనే ఉండదు."

"ఆ మాట ఎవరితోనూ అనబాక."

అతను అనలేదు. తెలుగులో చెప్పుకోవడానికి అక్కడ అతనికి ఇంకో మనిషి లేడు.