కస్తూరికి మూడుపూటలా తలంటు

ఒక పెద్ద అడవిలో, అందరి వాసనా అందరికీ అలవాటైపోయి ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోని రోజుల్లో, తేనెమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. భక్తిపరురాలు. ఏకాదశి నాడు తేనె కూడా ముట్టేది కాదు. పొద్దున్నే సూర్యుడికి దణ్ణం పెట్టుకోనిదే గుహ దాటేది కాదు. అబద్ధం ఆడదని అడవంతా పేరు.

ఒకనాడు ఇప్పపూలు ఏరుకుంటూ అడవి అంచుదాకా వెళ్తే, అక్కడ తలుపు తెరిచిన తీగల పంజరం ఒకటి, దాని పక్కన వణుకుతూ ఓ చిన్న ప్రాణి కనిపించాయి. ముంగిసకి పినతల్లి కూతురిలా ఉంది. సన్నగా, పొడుగ్గా, కళ్ళ చుట్టూ కాటుక పులుముకున్నట్టు. ఫెర్రెట్ అంటారట తన జాతిని. పట్నంలో ఎవరో వీడియోల్లో చూసి ముచ్చటపడి కొనుక్కున్నారట. ముచ్చట తీరాక, జంతువే కదా, అడవిలో ఎలాగో బతుకుతుందిలే అని వదిలి వెళ్ళిపోయారట.

"నేను అడవిలో పుట్టలేదు పెద్దమ్మా, దుకాణంలో పుట్టాను," అంది ఆ ప్రాణి. "వేటాడటం రాదు. గిన్నెలో పెడితే తింటాను."

తేనెమ్మ దాన్ని చంకనేసుకుని ఇంటికి తెచ్చింది. దాని ఒంటినుంచి ఒకలాంటి ఘాటు వాసన వచ్చింది. దేవుడిచ్చిన వాసనకి మనం వంక పెట్టేదేమిటనుకుని, కస్తూరి అని పేరు పెట్టుకుంది.

మర్నాడు పొద్దెక్కినా కస్తూరి లేవలేదు. మధ్యాహ్నమైనా లేవలేదు. ఎత్తితే తడిగుడ్డలా వేలాడింది. తేనెమ్మ పక్క పొదలో ఉండే కుందేలు చెవులమ్మని కేకేసింది. చెవులమ్మ వచ్చి దూరం నుంచే చూసి, పోయిందని తేల్చేసింది. చుట్టుపక్కల వాళ్ళు పూలు పట్టుకుని వచ్చారు. పరిచయమై ఒక్కరోజు కాకపోయినా, ఎంత మంచి పిల్ల అని చెవులమ్మ రాగం తీసి ఏడ్చింది. ఆ రాగానికి కస్తూరి ఒక కన్ను తెరిచి, ఆవులించి, "భోజనమా?" అని అడిగింది.

బతికినందుకు తేనెమ్మ దేవుడికి మొక్కుకుంది. ఏడ్చినవాళ్ళకి మాత్రం కోపం వచ్చింది. అంత ఏడుపూ దండగైపోయింది కదా.

ఆ తర్వాత తెలిసింది, ఆ జాతి నిద్రే అంత అని. రోజులో ముప్పావు వంతు నిద్ర. మేలుకున్న కాసేపూ కన్నం కనిపిస్తే దూరడం, చేతికందింది ఎత్తుకెళ్ళి తేనెమ్మ ఆకుల పక్క కింద దాచడం. తేనెమ్మ జపమాల అక్కడే దొరికింది. చెవులమ్మ పిల్లలు ఆడుకునే గురివింద గింజలు అక్కడే. నాగుపాము విడిచిన కుబుసం కూడా అక్కడే.

తిండి ఇంకో తంటా. తేనె పెడితే మొహం తిప్పుకుంది, పళ్ళు పెడితే మూతి ముడిచింది. నీచే కావాలి, అదీ ఆకలేసినప్పుడల్లా. తేనెమ్మ నీచు ముట్టదు. అయితే వాగు ఒడ్డున, కొంగ ధవళయ్యగారు ఒంటికాలి మీద జపం చేసుకునే చోట, రోజూ చేపముక్కలు పడి ఉండేవి. అవి అక్కడికి ఎలా వచ్చాయని తేనెమ్మ ఎన్నడూ అడగలేదు. జపం చేసేవాళ్ళని అలాంటివి అడగకూడదు. కళ్ళు మూసుకుని, మోదుగాకులో చుట్టి తెచ్చి పెట్టేది.

కడుపు నిండితే కస్తూరి వీపు విల్లులా వంచి, కుటకుటమంటూ పక్కపక్కకి గెంతేది. ఎదురుగా ఉన్న రాయిని ఢీకొని, మళ్ళీ గెంతేది. ఆ చిందులు చూస్తే తేనెమ్మకి ఇంకేమీ అక్కర్లేకపోయేది.

చెవులమ్మకి మాత్రం ఆ వాసన కిట్టలేదు. వృథాగా ఏడ్చిన ఏడుపూ మర్చిపోలేదు. పంచాయతీలో ఫిర్యాదు పెట్టింది. సభకి ఏనుగు పెద్దయ్య అధ్యక్షుడు. తెల్లటి రెక్కలు సర్దుకుంటూ ధవళయ్యగారు లేచి, ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని పెద్దలు ఊరికే అన్నారా అన్నారు.

పైకొమ్మకి తలకిందులుగా వేలాడుతున్న గబ్బిలం ఇది విని కదిలింది. "మా పేరు సామెతలో పెట్టుకునే ముందు మమ్మల్ని ఒక మాట అడిగారా?" అంది.

సభ కలవరపడింది. గబ్బిలాలవి చాలా ఓట్లు. అందుకని ధవళయ్యగారు, మాకు ఒకరి మీద కక్ష లేదు, చట్టం అందరికీ ఒకటే అంటూ తీర్మానాన్ని అందరికీ వర్తించేలా రాయించారు. ఏ ప్రాణి వాసన వచ్చినా శుద్ధి సంఘం వారు తలంటి పోస్తారు. పున్నమినాటికీ పోకపోతే అడవి అంచు దాటిస్తారు. సంఘానికి ధవళయ్యగారే పెద్ద.

తేనెమ్మకి ఆ అంచు గుర్తొచ్చింది, తలుపు తెరిచిన పంజరం గుర్తొచ్చింది. గిన్నెలో పెట్టేవాళ్ళు లేని చోట ఈ పిల్ల ఎన్నాళ్ళు బతుకుతుంది? నోరు మూసుకుని తలంటుకి ఒప్పుకుంది.

కోతులు కుంకుడుకాయలు కొట్టి, నురగ తీసి, కస్తూరిని వాగులో ముంచి రుద్దాయి. సాయంత్రానికి వాసన కాస్త పెరిగింది. మర్నాడు మళ్ళీ రుద్దాయి. ఇంకాస్త పెరిగింది. ఆ జాతికి వాసన ఒంటి నూనెలోనే ఉంటుంది. ఉన్న నూనె కడిగేస్తే ఒళ్ళు కంగారుపడి రెట్టింపు ఊరించుకుంటుంది. ఆ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు. తెలుసుకుందామనీ ఎవరికీ తోచలేదు.

కడగకముందే కొంచెం నయంగా ఉండేదండీ అని తేనెమ్మ మెల్లిగా విన్నవించుకుంది. ధవళయ్యగారు జాలిగా నవ్వారు.

"లోపలి మురికి బయటికొస్తోంది తేనెమ్మా. వాసన పెరిగిందంటే మన పని సాగుతోందన్నమాట."

తలంటు మూడుపూటలకి పెరిగింది. రుద్దడానికి కొన్ని కోతులు, నీళ్ళు తోడడానికి కొన్ని, వాసన ఎంతుందో చూసి చెప్పడానికి కొన్ని. వాసన పెరిగేకొద్దీ సంఘానికి పని పెరిగింది, పని పెరిగేకొద్దీ గౌరవం పెరిగింది. ధవళయ్యగారు వాగు దాటుతుంటే ఇప్పుడు చేపలే కాదు, అందరూ పక్కకి తప్పుకునేవారు.

కస్తూరి చిందులు మానేసింది. ఒళ్ళు పొడిబారి గోక్కుంటూ, పెట్టింది సగమే తింటూ, ఒక సాయంత్రం తేనెమ్మ ఒళ్ళో ముడుచుకుని అడిగింది.

"నన్ను పూర్తిగా కడిగేస్తే ఇంక నేనేం మిగుల్తాను పెద్దమ్మా?"

తేనెమ్మ దాని వీపు నిమురుతూ జపమాల తిప్పుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున కోతులు చెట్టుతొర్ర మూసిన బండ జరిపి చూస్తే, అందులో నిలవచేసిన కుంకుడుకాయలు ఒక్కటీ లేవు. రాత్రి బండ కదిలిన జాడ లేదు. తొర్ర అడుగున కన్నం ఒకటుంది గానీ, అందులో కోతి చెయ్యి కూడా పట్టదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. చెట్టు మీది కాయలు అప్పటికే అయిపోయాయి. దొంగని పట్టడానికి సంఘం ఒక ఉపసంఘాన్ని వేసింది. ఉపసంఘం ఉడతలని నిలదీసింది. ఆ చేదు మేమేం చేసుకుంటామని ఉడతలు సమ్మె చేశాయి. సమ్మె విరమింపజెయ్యడానికి ఇంకో ఉపసంఘం. ఈ హడావిడిలో తలంటు సంగతి అందరూ మర్చిపోయారు.

పున్నమి వచ్చింది. తేనెమ్మ ఉపవాసముండి, కస్తూరిని పొదివి పట్టుకుని సభకి వచ్చింది. ఏనుగు పెద్దయ్య తొండం చాపి, కళ్ళు మూసుకుని, తీరిగ్గా వాసన చూశాడు.

"వానకి తడిసిన గొంగళి వాసన, అదీ కొద్దిగా," అన్నాడు. "బతికున్న ప్రాణికి ఆ మాత్రం ఉండొద్దూ?"

చూశారా మా శుద్ధి మహిమ అని ధవళయ్యగారు రెక్కలు విప్పారు. విప్పకుండా ఉండాల్సింది. పెద్దయ్య తొండం గాలిలో ఆగి, అటు తిరిగి, ఆయన రెక్క కిందికి వెళ్ళి నిలిచింది.

"ధవళయ్యా, ఇది చేపల వాసన కదయ్యా."

అది జపం చేసే నీళ్ళ వాసనని ధవళయ్యగారు సర్దిచెప్పబోయారు. పైకొమ్మ మీంచి గబ్బిలం తీర్మానం చదివింది. ఏ ప్రాణి వాసన వచ్చినా, అన్న చోట ఆగి, మళ్ళీ ఇంకోసారి చదివింది.

కుంకుడుకాయలు లేవు కాబట్టి కోతులు ధవళయ్యగారిని బీరపీచుతోనూ ఇసుకతోనూ తోమాయి. ఆ సాయంత్రం ఆయన తుమ్ముకుంటూ, కాయల కొరత వల్ల సంఘాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. చేసిన సేవకి ఆయనకే ఒక పూలదండ వేశారు.

తేనెమ్మ ఇంటికొచ్చి పక్క దులుపుదామని ఆకులు ఎత్తింది. కింద కుంకుడుకాయల గుట్ట. దాని మీద చచ్చినట్టు నిద్రపోతోంది కస్తూరి. తేనెమ్మ ఆకులు ఎప్పటిలా పరిచేసి, దేవుడి మూలకి తిరిగి చేతులు జోడించింది.

"అడిగితే అబద్ధం చెప్పను స్వామీ. ఎవరూ అడక్కుండా నువ్వే చూడు."

తెల్లారేసరికి వెనకాల కుటకుటమని చప్పుడైంది. కస్తూరి పక్కపక్కకి గెంతుతూ వచ్చి, రాయిని ఢీకొని, మళ్ళీ గెంతింది.

నీతి: కడిగితే పోని వాసన, కడిగేవాళ్ళు పోతే పోతుంది.