కాలిక్యులేటర్‌కు బుద్ధొచ్చింది, కర్టెన్ సగానికొచ్చింది

చెప్పాపెట్టకుండా మారిపోయే కాలిక్యులేటర్‌ను మించిన గురువు లేదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. నిరూపిస్తాను.

నాది కర్టెన్లు కుట్టే షాపు. గుడ్డ కత్తిరించే బల్ల చివర ఒక కంప్యూటర్, అందులో ఒక కాలిక్యులేటర్. అంకెలూ అక్షరాలూ నేను నేర్చుకున్నది మా ఆయన పోయాక, మా కోడలి దగ్గర. అందుకే ఆ బటన్లను చదివి నొక్కను. వంటింట్లో చూడకుండానే ఉప్పుడబ్బా అందుకున్నట్టు నొక్కుతాను.

మొన్నటి అప్‌డేట్‌తో ఉప్పు ఉండేచోటికి కారం వచ్చింది. సున్నా ఉండే మూలలో ఇప్పుడు ప్లస్సూ మైనస్సూ కలిసి ఒకే బటన్‌లో కాపురం పెట్టాయి. పక్కన ఒక చిట్టా తనంతట తానే తెరుచుకుని, పొద్దుట్నుంచీ నేను చేసిన తప్పులన్నీ వరసగా చూపిస్తుంది. నా తప్పులు ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నవాళ్లు మా అత్తగారి తర్వాత మరొకరు లేరు!

అసలు మేలు ఇంకా చెప్పనేలేదు.

కిటికీ వెడల్పు యాభై అంగుళాలు. అంచుల మడతకు ఆరు కలపాలి. కుచ్చులు రావాలంటే ఆ మొత్తాన్ని రెండింతలు చెయ్యాలి. యాభై ప్లస్ ఆరు ఇంటూ రెండు అని వరసగా నొక్కితే ఏడేళ్లుగా నూట పన్నెండు చూపించేది. అప్‌డేట్ అయిన మర్నాడు అరవై రెండు చూపించింది. గుడ్డ పట్టుకున్న చెయ్యి అనుమానపడింది. కానీ చదువుకున్న యంత్రం కన్నా నా చెయ్యి గొప్పదా? అరవై రెండుకే కత్తెర వేశాను. ఎప్పటిలా కుచ్చులు పెట్టి, వీధి చివర డాక్టరమ్మ క్లినిక్‌కు పంపాను. ఇది నచ్చితే మిగతా పదకొండు కిటికీలూ మాకే ఇస్తానని ఆవిడ మాట.

సాయంత్రం డాక్టరమ్మ కర్టెన్ చంకలో పెట్టుకుని వచ్చింది.

"కుట్టు బాగుంది ఆంటీ. కానీ ఇటు లాగితే అటు కనిపిస్తోంది, అటు లాగితే ఇటు. చొక్కా విప్పమంటే పేషెంట్లు కిటికీ వంక చూస్తున్నారు."

"గాలి బాగా ఆడుతుందిగా" అన్నాను.

"ఎదురు బస్టాపులో వాళ్లకి కాలక్షేపం కూడా బాగానే అవుతోంది."

మా కోడలు స్క్రీన్ చూసి తేల్చేసింది. "అత్తయ్యా, కూడిక, గుణకారం కలిసొస్తే ముందు గుణకారమే చెయ్యాలి. బళ్లో అలాగే చెప్తారు. ఇన్నాళ్లూ ఇదే తప్పు చేసింది, ఇప్పుడు దిద్దుకుంది."

"మరి ఇన్నాళ్లూ కర్టెన్లు ఎలా మూసుకున్నాయే?"

డాక్టరమ్మ నవ్వింది. "ఇంకొక్కటి కుట్టి చూపించండి ఆంటీ. ఈసారి మూసుకునేది. మిగతావి తర్వాత చూద్దాం."

చూశారా, ఎంత మేలో! ఏడేళ్లుగా మూలపడ్డ పెన్సిల్ మళ్లీ చేతికొచ్చింది. కాగితం మీద ముందు కూడి, తర్వాత రెట్టించి, నూట పన్నెండుకు కత్తిరించాను. కర్టెన్ మూసుకుంది. పదకొండు కిటికీలూ మాకే వచ్చాయి. కాగితం రాత్రికి రాత్రి పద్ధతి మార్చుకోకపోవడం దాని వెనకబాటుతనం, ఏం చేస్తాం?

ఆ శుభవేళ కంప్యూటర్ నన్నొక ప్రశ్న అడిగింది: 'కొత్త రూపం మీకు ఎలా అనిపించింది?' కింద ఐదు నక్షత్రాలు. ఏదో ఒకటి నొక్కాలి, అంతే. 'మార్చేముందు ఒక్క మాట చెప్పకూడదా నాయనా' అని రాద్దామంటే గీతంత చోటు లేదు. ఈ వయసులో వేళ్లు నొప్పెట్టేలా దిద్ది దిద్ది రాయడం నేర్చుకున్నది, నక్షత్రాలు నొక్కడానికా?

అందుకే ఇక్కడ రాశాను.