హెడ్ గాస్కెట్ పోవడం వల్ల కలుగు లాభాలు

మీ ఇంట్లో కారుందా? పొద్దున్నే తాళం తిప్పగానే స్టార్టయి, చెప్పినచోటికి తీసుకెళ్ళి, మళ్ళీ బుద్ధిగా ఇంటికి తెస్తోందా? అయితే మిమ్మల్ని చూస్తే జాలేస్తోంది. పాపం, మీకింకా హెడ్ గాస్కెట్ పోలేదన్నమాట!

గాస్కెట్ అంటే తెలియని అమాయకుల కోసం రెండు ముక్కలు. ఇంజన్‌కి కింద మొండెం, పైన తలకాయ ఉంటాయి. రెంటి మధ్యా అట్టముక్కంత పల్చటి రేకు ఒకటి. లోపల నిప్పు, నీళ్ళు, నూనె ఒకే కప్పు కింద కాపురం చేస్తూ కూడా ఒకరి గదిలోకి ఒకరు తొంగిచూడకుండా ఉన్నారంటే ఆ రేకు చలవే. అది కాస్తా కాలిపోయిందా, ఇక ఎవరి గది ఎవరిదో తెలియదు. పొగలు, చిటపటలు, చివరికి అందరూ అలిగి మౌనం. కాపురాలు చేసినవాళ్ళకి ఇంతకన్నా వివరించక్కర్లేదు.

నా కారు పాతది. మా అమ్మాయి అందులోనే డ్రైవింగ్ నేర్చుకుంది, దాంతోనే మా గేటు విరగ్గొట్టింది. మొన్నామధ్య దానికి గాస్కెట్ పోయింది. నా జీవితానికి వెలుగొచ్చింది!

ముందుగా, పరపతి. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వీధంతా కమ్మేసేది. ఇన్నాళ్ళూ నన్ను చూసి తలైనా ఊపని వాళ్ళు కిటికీలు మూసుకుంటూ నా పేరు కనుక్కున్నారు. తర్వాత, వ్యాయామం. రేడియేటర్లో పోసిన నీళ్ళు పోసినట్టే మాయం. కింద చుక్క కారదు. అవెక్కడికి పోతున్నాయో తెలియక బక్కెట్లు మోసి మోసి నా నడుం సన్నబడింది. ఇక ప్రకృతి దర్శనమా, నాలుగు వీధులకోసారి ఇంజన్ చల్లారేదాకా ఆగాలి కదా! మా దారిలో ఏ గోడ మీద ఏ పిల్లి ఏ వేళకి పడుకుంటుందో ఇప్పుడు నేను చెప్పగలను. కొత్త కారువాడికి ఈ భాగ్యమేదీ?

వైద్య సలహాలకీ కొదవలేదు. మా పై వాటా ఆయన వచ్చి బానెట్ వైపు చూడకుండానే "బ్యాటరీ అండీ" అన్నాడు. ఆయన దేనికైనా బ్యాటరీయే అంటాడు. నా మోకాలి నొప్పి సంగతి విన్నప్పుడు కూడా ఒక్క క్షణం అటే మొగ్గాడు. మా బావమరిది ఫోన్లో గొంతు తగ్గించి రహస్యం చెప్పాడు.

"బావా, రేడియేటర్లో కోడిగుడ్డు కొట్టిపొయ్యి. ఉడికి, చిల్లి ఎక్కడుంటే అక్కడ అతుక్కుంటుంది."

పోశాను. ఆ రోజంతా కారు వెళ్ళినచోటల్లా ఆమ్లెట్ వాసన. చిల్లి మటుకు అలాగే ఉంది.

చివరికి మెకానిక్‌ని పిలిచాను. ఇంజన్ చల్లారేదాకా అతను చెయ్యి కూడా పెట్టలేదు. తర్వాత రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చెయ్యమన్నాడు. నీళ్ళలో బుడబుడా బుడగలు. ఆయిల్ చూసే పుల్ల తీసి చూపించాడు. పాలెక్కువైన కాఫీలా ఉంది.

"గాస్కెట్ పోయింది సార్. నీళ్ళు ఆయిల్లో కలిసిపోయాయి," అని రేడియేటర్లోకి తొంగిచూసి, "ఇదేంటి సార్, పచ్చసొన?" అన్నాడు.

"మా బావమరిది," అన్నాను.

అతను అర్థమైనట్టు తలూపాడు. "తలకాయ విప్పి చూడాలి. వంగితే చదును చేయించి బిగిస్తాను. పగిలిందా, ఇక బండికి దండం పెట్టెయ్యండి."

ఊరి ఆ చివర కాపురముంటున్న మా అమ్మాయికి సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"నాన్నా, పగిలితే పాత ఇనుము వాడికి ఇచ్చేస్తున్నాం. సరేనా?"

"వంగితే?"

"వంగితే బాగుచేయించుకో. ఏది తేలినా మాట మార్చకూడదు మరి. అందాకా నేను తిప్పుతాలే నిన్ను."

అమ్మాయి అన్నదంటే అన్నట్టే. ఆ విషయంలో అచ్చం వాళ్ళమ్మే. వాళ్ళమ్మ పోయాక మా ఇంట్లో నాతోపాటు మిగిలింది ఆ కారొక్కటే. దాని తలకాయ మెకానిక్ షెడ్డులో స్క్రూడ్రైవర్ల మధ్య పడుకుని తీర్పు కోసం ఎదురుచూసింది. నేనూ అంతే.

అందాకా అమ్మాయి కారులో రాజభోగం! అది కొత్తది. చప్పుడు చెయ్యదు. సీటు వెచ్చగా ఉంటుంది. అమ్మాయి ఫోను డ్యాష్‌బోర్డులోంచి మాట్లాడుతుంది, అందుచేత కూరగాయల మార్కెట్‌కి మేమిద్దరం వెళ్ళం, ఆఫీసంతా కలిసి వెళ్తాం. కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా ఆరుగురం వెళ్ళాం. వాళ్ళ టీములో ఎవరికి ప్రమోషన్ రాలేదో, ఎవరికి ఎవరంటే పడదో నాకు కంఠతా వచ్చేసింది. ఒకసారి నాకు దగ్గొచ్చింది.

"నాన్నా, ష్! మ్యూట్‌లో లేను."

దగ్గు మింగేశాను. సహనం ఇంత చవగ్గా ఇంకెక్కడ నేర్పుతారు చెప్పండి?

ఒక ఆదివారం మెకానిక్ కబురు చేశాడు. "వంగింది సార్, పగల్లేదు! లేతు షాపులో చదును చేయించుకొచ్చా. బిగిస్తున్నా, వచ్చి చూసుకోండి." అమ్మాయే తీసుకెళ్ళింది. దారిపొడుగునా ఆఫీసువాళ్ళు ఆదివారం కూడా పని చేస్తూనే ఉన్నారు, పాపం.

అసలు లాభం షెడ్డులో తెలిసింది. తలకాయ బోల్టుల్ని ఎలా పడితే అలా బిగించకూడదట. నడిమి నుంచి మొదలెట్టి, అటొకటి ఇటొకటిగా బయటికి రావాలి. కొంచెం కొంచెంగా మూడు చుట్లు. అతను ప్రతి బోల్టు పక్కనా సుద్దముక్కతో నంబరేశాడు. ఒకరు చదవాలి, ఒకరు బిగించాలి. అదీ అతని పద్ధతి.

"అమ్మా, మీరు చదవండి," అన్నాడు మా అమ్మాయితో.

"నేనా?"

"సార్ కళ్ళజోడు పెట్టుకోలేదు."

నా కళ్ళజోడు జేబులోనే ఉంది. నేను జేబు మీద చెయ్యేసుకుని నిలబడ్డాను.

ఆమె రెండో నంబరు చదవగానే ఫోను మోగింది. మెకానిక్ స్పానర్ ఆపాడు. "ఎత్తండమ్మా, ఫర్వాలేదు. ఇవి వదులుచేసి మళ్ళీ మొదట్నుంచీ మొదలెడదాం."

అమ్మాయి ఫోను వంక చూసింది, స్పానర్ వంక చూసింది. ఫోను ఆపేసి నా చేతికిచ్చింది. ఆపేసిన ఆ ఫోను ఎంత తేలిగ్గా ఉందో!

మూడు చుట్లు. "ఒకటి... రెండు..." అంటుంటే చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పిన గొంతే. మధ్యలో మెకానిక్ చెయ్యి తుడుచుకుంటుండగా, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"నాన్నా, ఇంజన్ వేడెక్కితే చూపించే ముల్లు అమ్మే కదా చూసేది? నీ పక్కన కూర్చుని 'ముల్లు లేస్తోంది, ఆపండి' అంటూ ఉండేది. ఇప్పుడెవరు చూస్తున్నారు?"

నేను బోల్టులు లెక్కపెట్టుకున్నాను.

"అయితే అమ్మ పోయాక గాస్కెట్ పోవడంలో వింతేముంది!" అని నవ్వింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. బానెట్ అంచు పట్టుకున్న చేతి గ్రీజు ముక్కుకంటింది. నేను చెప్పలేదు. మెకానిక్కూ చెప్పలేదు, మర్యాదస్తుడు.

స్టార్ట్ చేస్తే ఒక్క బుడగ లేదు, పొగ లేదు. కారు నాకు దక్కింది. అమ్మాయి మాట ప్రకారం వెంటనే నన్ను తిప్పడం మానేసింది. మళ్ళీ మార్కెట్‌కి నేనొక్కణ్ణే వెళ్తున్నాను, హాయిగా దగ్గుకుంటూ.

నిన్న మెకానిక్ దగ్గరికెళ్ళి ఊరికే అడిగాను. "ఇద్దరుంటేగాని కుదరని రిపేరు ఇంకేమైనా ఉందా?"

అతను నా మొహం కాసేపు చూశాడు. "బ్రేకుల్లో గాలి తియ్యాలంటే ఇద్దరు కావాలి సార్. ఒకరు లోపల పెడల్ తొక్కుతుండాలి. మధ్యలో ఆపకూడదు."

ఇంటికొచ్చి అమ్మాయికి ఫోన్ చేశాను, బ్రేకులు మెత్తబడ్డాయని. "అయ్యో, నడపకు నాన్నా! ఆదివారం వస్తాను, పెడల్ నేను తొక్కుతాను," అంది.

నిజానికి బ్రేకులు రాయిలా గట్టిగా, భేషుగ్గా ఉన్నాయి. ఈ సంగతి ఇలా అచ్చులో ధైర్యంగా ఎందుకు రాస్తున్నానంటారా? ఇది చదవాలంటే మా అమ్మాయి ముందు ఫోను కింద పెట్టాలి కదండీ!