పీత మెత్తనిదని తీర్మానం

పీత ఒళ్ళు మెత్తనిదని పలాసలో పెద్దలంతా ఏకగ్రీవంగా తీర్మానించారు. ఇంతకాలం పీతకు ఈ సంగతి తెలియకపోవడం విచారకరం.

దీని వెనుక శాస్త్రం ఉంది. చేపల మార్కెట్‌కు కొత్తగా రేకుల షెడ్డు వేశారు. అందులో పీతలకూ రొయ్యలకూ ఒక గట్టు కేటాయించి, మామూలు మాట రాస్తే షెడ్డు పరువు పోతుందని "మృదుకవచులు" అని బోర్డు పెట్టారు. మెత్తని గుల్ల గల జీవులని అర్థం. ఆల్చిప్పతో పోలిస్తే పీత గుల్ల మెత్తనే కదా అని పూర్వం ఎవరో పండితులు పెట్టిన పేరట. ఆ పోలిక సంగతి మన జలచర నామ నిర్ణయ సంఘం దాకా రాలేదు. అర్థం ఒక్కటే వచ్చింది.

సంఘాధ్యక్షులు తారకేశ్వరరావు గారు నిక్కచ్చి మనిషి. బోర్డు మీద ఏముంటే గట్టు మీద అదే ఉండాలన్నారు. డొంకూరు బొడ్డమ్మ ఇరవై ఏళ్ళుగా రోడ్డు పక్కన ఎండలో పీతలు అమ్ముతోంది. పోయిన వేసవిలో రెండుసార్లు సొమ్మసిల్లింది. ఆ గట్టు దొరికితే నీడన కూర్చోవచ్చని దరఖాస్తు పట్టుకుని తట్టతో సహా వచ్చింది. అధ్యక్షులు ఒక పీత వీపు మీద పెన్నుతో కొట్టి చూశారు. టకటకమంది. దరఖాస్తు పక్కన పెట్టి, మెత్తని నమూనా తెమ్మన్నారు.

బొడ్డమ్మ తల వంచుకునే జవాబు చెప్పింది. "గుల్లిడిసిన పీత రెండు దినాలు మెత్తగుంటాది బాబూ. అప్పుడది వల్లో పడితే మావోలు సముద్రంలోకే ఒగ్గేత్తారు. ఒంటిమీద గుల్ల నేని పేనాన్ని ముట్టకూడదు. నీడ కోసరం నాను ఆ తప్పు సెయ్యను."

ఇది నమూనా సమర్పణకు నిరాకరణగా నమోదైంది. గట్టు ఖాళీగా ఉంచి, బోర్డుకు దండ వేశారు.

ప్రారంభోత్సవ సభలో అధ్యక్షులు గద్గద స్వరంతో ప్రసంగించారు. "పదానికి అర్థాన్ని కాపాడటమంటే జాతిని కాపాడటమే. పీత తన తప్పు తెలుసుకుని మెత్తబడే రోజు కోసం ఈ గట్టు వేచి ఉంటుంది." చప్పట్లు మోగాయి. భోజనాల్లోకి పీతల పులుసు. పీతలు బొడ్డమ్మ దగ్గర కొన్నవే. ఆమె బయట ఎండలో, నెత్తిన తడిగుడ్డ వేసుకుని కూర్చుంది.

సభలో నేనూ ఉన్నాను. మీరూ ఉన్నారు. కొనేముందు పీత పొట్ట బొటనవేలితో నొక్కి, మెత్తగా తగిలితే తిరిగి తట్టలో పడేసే వాళ్ళమే మనమంతా. లేచి ఆ ఒక్క మాట చెబితే గట్టు ఆమెదయ్యేది. సిగ్గేసింది కానీ లేవలేదు. అప్పటికే విస్తళ్ళు వేస్తున్నారు.